స్కాన్‌లో పడుకున్న మనిషి

బల్ల మీద మత్తులో ఉన్న మొహియుద్దీన్ ఎడమ కిడ్నీకి ఒక్కటే రక్తనాళం వెళ్తోంది. ఆరు వారాల కిందట డాక్టర్ సాయిదుర్గ కొలిచిన అతని స్కాన్‌లో రెండున్నాయి.

నాళంలోకి ఎక్కించిన రంగుమందు తెర మీద నల్లటి పొగలా పాకి, మూడు క్షణాల్లో కరిగిపోయింది.

"ఇంకోసారి," అంది సాయిదుర్గ.

మళ్ళీ మందు ఎక్కించారు. మళ్ళీ ఒక్కటే. రెండోది ఉండాల్సిన చోట ఏమీ లేదు, వెన్నుపూస నీడ తప్ప. ఆ వెన్నుపూసలు కూడా పొద్దుటి నుంచీ సతాయిస్తున్నాయి. పాత స్కాన్‌లోని ఎముకల్ని తెర మీది ఎముకల మీద అమర్చుకుంటే గానీ ఈ పని మొదలుకాదు. అరగంట తిప్పలు పడినా ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. మిషన్ తప్పనుకుని మిషన్‌నే తిట్టుకుంది.

తప్పు మిషన్‌ది కాదు.

"మేడం," తలవైపు నిలబడ్డ మత్తు డాక్టర్ తిరుమలరావు గొంతు మారింది. "ఛాతీ నిండా దద్దుర్లు లేస్తున్నాయి. బీపీ జారుతోంది. రంగుమందు పడలేదు ఈయనకి."

"ఇంజెక్షన్ ఇవ్వండి. ఆపేస్తున్నాం."

"ఆపేయడమా? ఇంకా మొదలే పెట్టలేదు కదా."

"అదే మన అదృష్టం."

పక్కన స్టీలు బల్ల మీద పొడవాటి పెట్టె ఉంది. సీలు ఇంకా విప్పలేదు. అందులో ఉన్నది పల్చటి గుడ్డ గొట్టం, దానికి తీగతో కుట్టిన ఉక్కు స్ప్రింగులు. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం, కిడ్నీల దిగువన బెలూన్‌లా ఉబ్బితే, తొడ దగ్గర చిన్న రంధ్రం చేసి ఆ గొట్టాన్ని లోపలికి పంపుతారు. పొట్ట కోయక్కర్లేదు. మామూలు కేసుల్లో అల్మరాలోంచి తీసి పెట్టేయొచ్చు. మొహియుద్దీన్‌ది మామూలు కేసు కాదు. ఉబ్బు కిడ్నీల రక్తనాళాల దాకా పాకింది. గొట్టం పట్టు దొరికించుకోవడానికి కింద జాగా లేదు. కాబట్టి ఇంకా పైకి పెట్టాలి, కిడ్నీలకీ పేగులకీ వెళ్ళే దారులు మూసుకుపోకుండా గొట్టానికి సరిగ్గా ఆ చోట్లలోనే చిల్లులుండాలి. ఆ చిల్లులు స్కాన్‌లో కొలిచి, విదేశానికి పంపి, ఆరు వారాలు ఆగి కుట్టించుకోవాలి. ఒక చిల్లు పక్కకి జరిగితే ఒక కిడ్నీ చచ్చిపోతుంది.

ఆ పెట్టెలో గొట్టానికి నాలుగు చిల్లులున్నాయి. ఈ మనిషికి కావాల్సింది మూడు.

తొడలోంచి తీగ బయటికి లాగేసింది. ఇంకో పది నిమిషాలు మిషన్‌ని తిట్టుకుంటూ ముందుకెళ్ళి ఉంటే ఈ మనిషి రెండు కిడ్నీలూ పోయేవి.

ఆ భయం గ్లవుజులు విప్పేదాకా ఉంది. విప్పాక దానికంటే పెద్దది పట్టుకుంది.

మనిషికి రక్తనాళం రాత్రికి రాత్రి మాయమైపోదు. అంటే ఆ స్కాన్ మొహియుద్దీన్‌ది కాదు. మరొకడిది. ఆ మరొకడి పొట్టలో ఉబ్బు ఏడు సెంటీమీటర్లు దాటింది, ఒక పక్క గోడ పల్చబడి ఉల్లిపొరలా ఉంది. అది ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. పగిలితే ఆసుపత్రి గుమ్మం దాకా ప్రాణంతో వచ్చేవాళ్ళు తక్కువ. ఆరు వారాలుగా ఆ మనిషి ఈ ఊళ్ళో ఎక్కడో బస్సులెక్కుతున్నాడు, దగ్గుతున్నాడు, మూటలు మోస్తున్నాడు. తనకేమైందో అతనికి తెలియదు. అతనెవరో సాయిదుర్గకి తెలియదు.

మొదటి స్కాన్ గోపాలపట్నంలో ఒక చిన్న సెంటర్లో తీశారు. అందులో ఉబ్బు ఐదు పాయింట్ ఎనిమిది. ఇక్కడ తీసిన రెండో దాంట్లో ఏడు పాయింట్ ఒకటి. ఆ తేడా ఆమె చూసింది. ఆ చిన్న సెంటర్లో కొలత సరిగా వచ్చి ఉండదులే అనుకుని వదిలేసింది. అంత తేలిగ్గా ఎలా వదిలేసిందో ఇప్పుడు అర్థం కాలేదు.

వరండాలో మొహియుద్దీన్ తమ్ముడు జమీర్ ఎదురొచ్చాడు. అన్నలాగే పొడగరి, అన్నలాగే తెల్ల గడ్డం. పాతనగరంలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే దర్జీ దుకాణం.

"ఏటి మేడం, అప్పుడే అయిపోనాదా?"

"కాలేదు. తెప్పించిన గొట్టం మీ అన్నకి సరిపోదు. ఆపేశాం. ఆయనకి ప్రమాదమేమీ లేదు."

"సరిపోదంటే, బిగువా మేడం, వదులా?"

"చిల్లులు పడాల్సిన చోట పడవు."

"ఎంత తేడా?"

"ఒక పక్క ఎనిమిది మిల్లీమీటర్లు."

అతను జేబురుమాలు తీసి మొహమూ మెడా తుడుచుకున్నాడు. "ఎనిమిదంటే మేడం, చొక్కాకైతే ఎవుడూ లెక్కెట్టడు."

భయపడ్డ మనిషి వేసే జోకు అనుకుంది. నవ్వలేక ముందుకెళ్ళిపోయింది.

స్కాన్ గదిలో టెక్నీషియన్ నాగవంశీ రిజిస్టర్ ముందుకి తోశాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కార్డు నంబరు చూసే లోపలికి పంపుతాం మేడం. తారుమారయ్యే ఛాన్సే లేదు."

"అయింది కదా."

ఆ రోజు పొట్ట స్కాన్‌కి వచ్చింది ఆరుగురు. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పాతికేళ్ళ కుర్రాడు. మిగిలింది ఇద్దరు. పదకొండు గంటలకి మొహియుద్దీన్. ఆ వెంటనే పోలిరాజు, అరవై రెండేళ్ళు, చేపల వేట.

"పోలిరాజు బొమ్మలు తీయి."

నాగవంశీ కంప్యూటర్‌లో వెతికాడు. ఇంకోసారి వెతికాడు. "లేవు మేడం."

"రిజిస్టర్‌లో పేరుంది. బొమ్మ లేకుండా మనిషెలా వెళ్ళిపోయాడు?"

ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. మొహియుద్దీన్ పేరు మీద పోలిరాజు పడుకుని ఉంటే?

పోలిరాజు నంబరుకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. నాలుగుసార్లు. సాయిదుర్గ అరచేతిలో పట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని సంచీలో వేసుకుని కారెక్కింది. ఆమె పుట్టింది పెదజాలారిపేటలో. పగలు పదింటికి వేటగాడు ఫోనెత్తకపోతే ఎక్కడుంటాడో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో మూడో జెట్టీ దగ్గర బోట్ల నీడలో ఒకడు వల బాగు చేసుకుంటున్నాడు. పక్కనే అతని భార్య గంగాలమ్మ ఎండు చేపలు తిరగేస్తోంది.

"పోలిరాజు మావ నువ్వేనా?"

"నానే. మరి నువ్వెవరమ్మా?"

"పెద్దాసుపత్రి డాక్టర్ని. మొన్నా మధ్య స్కానింగ్‌కి వచ్చినావు కదా."

పోలిరాజు చేతిలో దారం ఆగింది. గంగాలమ్మ తలెత్తింది.

"సూడమ్మా, ఆడు ఏటి దొంగతనం సేసినాడో గాని, ఆ రోజు కాణ్ణించి ఆసుపత్రి పేరెత్తితే పక్కకి తప్పుకుంటన్నాడు."

"మావా, ముందు పడుకో. పొట్ట చూడాలి."

"ఇక్కడా?"

"ఇక్కడే."

వలల కుప్ప మీద పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, జెల్లీ రాసి యంత్రాన్ని బొడ్డు పైన ఆనించింది. ఫోన్ తెర మీద బూడిదరంగు అలలు. ఇది పగలబోయే బాంబు మీద చెయ్యి వేసినట్టే.

"ఏటమ్మా, ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు పోలిరాజు.

"నిన్న తాగిందంతా కనిపిస్తాది, కదలకు," అంది గంగాలమ్మ.

పెద్ద రక్తనాళం కనిపించింది. నిటారుగా, నున్నగా, రెండు సెంటీమీటర్లైనా లేకుండా. పాతికేళ్ళ వాడికి ఉన్నట్టుంది.

"మావా, ఆ రోజు నువ్వు మిషన్‌లోకి ఎల్లినావా, లేదా?"

అతను లేచి కూర్చుని పొట్ట తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "లేదమ్మా. పరగడుపున రమ్మన్నారు. పదకొండైనా పిలవరు. ఎదురుగా కేంటీన్‌లో ఇడ్లీ వాసన. ఎల్లి తినీసినాను. తినీసినాక లోపలికెలితే తిడతారని ఇంటికొచ్చీసినాను."

"స్కానింగ్ బాగుందని నాతో సెప్పినావు కదరా," అంది గంగాలమ్మ.

"బాగానే ఉంది మరి. ఇప్పుడు డాక్టరమ్మ సూసింది కదా."

ఇంకో రోజైతే సాయిదుర్గ కడుపు పట్టుకుని నవ్వేది. ఆ క్షణంలో నవ్వు రాలేదు. పోలిరాజు కాకపోతే ఇంకెవరూ లేరు. రిజిస్టర్‌లో పేర్లయిపోయాయి. ఇరవై లక్షల మంది ఊళ్ళో ఒక పొట్టని ఎక్కడని వెతకాలి?

వార్డు నుంచి ఫోన్ వచ్చింది. మొహియుద్దీన్‌కి మెలకువ వచ్చిందట. వాళ్ళకేం చెప్పాలో ఆలోచించుకుంటూ వెళ్ళింది.

మంచం పక్కన అతని భార్య జమాలున్నీసా కూర్చుని, తడిగుడ్డతో భర్త చేతుల మీది దద్దుర్లు అద్దుతోంది.

"మేడం, ఇవి తగ్గుతాయి కదా? కిందటిసారి రెండ్రోజులున్నాయి."

సాయిదుర్గ ఆగిపోయింది. "కిందటిసారి అంటే?"

"మొదటి స్కానింగ్‌కి. గోపాలపట్నంలో. సూది ఎక్కించగానే ఒళ్ళంతా ఇలాగే లేచింది, ఊపిరాడలేదు. అందుకే రెండోసారి వెళ్ళనంటే వెళ్ళనని కూర్చున్నారు. జమీర్ ఏం నచ్చజెప్పాడో, పొద్దున్నే తీసుకెళ్ళాడు. అల్లా దయ, ఆ రోజు మాత్రం ఒక్క దద్దురు కూడా రాలేదు."

"ఇది మాకెవరూ చెప్పలేదే."

"చెప్తే ఆపరేషన్ చెయ్యరేమోనని ఈయనే వద్దన్నారు."

సాయిదుర్గ మనసులో మూడు రోజులు వరసగా నిలబడ్డాయి. మొదటిసారి మందు పడలేదు. ఈ రోజు మందు పడలేదు. నడుమ ఒక్కసారి, అదే మందు, అంతకంటే ఎక్కువ, ఒంట్లోకి వెళ్ళినా ఏమీ కాలేదు.

నడుమ పడుకున్నది ఈ ఒళ్ళు కాదు.

స్కాన్లు తారుమారు కాలేదు. మనిషే మారాడు.

"మొహియుద్దీన్ గారూ," అంది వంగి. "ఆ రోజు మీరు మిషన్‌లోకి వెళ్ళారా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. కొలుకుల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి.

"చెప్పండి. నేను ఎవర్నీ తిట్టను."

"నేను వెళ్ళలేదు," అన్నాడు గోడవైపు తిరిగి.

జమాలున్నీసా చేతిలో తడిగుడ్డ ఒళ్ళో పడింది.

ఆ రోజు వెంట తీసుకెళ్ళింది జమీర్ అని సాయిదుర్గకి గుర్తొచ్చింది. ఈ జబ్బు అన్నకుంటే తమ్ముడికి ఉండే ప్రమాదం మామూలు వాళ్ళకంటే చాలా ఎక్కువ. ఆ మాట ఆమె జమీర్‌తో మొదటి రోజే చెప్పింది, నువ్వూ ఒకసారి చూపించుకో అని. "నాకేటి మేడం, గుర్రంలాగున్నాను," అని నవ్వేశాడు.

"జమీర్ ఏడి?"

"దుకాణానికి వెళ్ళాడు. మీరు ఆపరేషన్ ఆపేశారని చెప్పి, నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. నడుం పట్టేసిందన్నాడు."

"నడుమా? ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి. ఏం మేడం?"

ఏడు సెంటీమీటర్ల ఉబ్బు ఉన్నవాడికి ఉన్నట్టుండి నడుం నొప్పి వచ్చిందంటే, గోడ చిట్లడం మొదలైందేమో. జమీర్ ఫోన్ స్విచాఫ్. తిరుమలరావుకి రెండు మాటలు చెప్పింది: థియేటర్ సిద్ధంగా ఉంచు, ఆ పెట్టెని ఎవర్నీ ముట్టుకోనివ్వకు, అది జమీర్‌కి సరిపోవచ్చు. నాగవంశీనీ ఒక వార్డుబాయ్‌నీ వెంటబెట్టుకుని అంబులెన్స్‌లో డ్రైవరు పక్కన ఎక్కింది.

పూర్ణా మార్కెట్ దగ్గర బండి ఆగిపోయింది. ఎదురుగా ఒక లారీని అడ్డంగా ఆపి ఉల్లిపాయల బస్తాలు దించుతున్నారు. సైరన్ మోగినా కదిలే జాగా లేదు. దిగి నడిచింది, తర్వాత పరిగెత్తింది. వెనక నాగవంశీ, వార్డుబాయ్ స్ట్రెచర్ మడిచి పట్టుకుని. మిర్చి ఘాటుకి దగ్గు వచ్చింది. ప్రతి దగ్గుకీ జమీర్ కూడా ఎక్కడో దగ్గుతున్నాడేమో అనిపించింది. జనం మధ్య తెల్ల గడ్డం కనిపిస్తే చాలు, ఆగి చూస్తోంది.

దుకాణం మసీదు సందులో, మేడ మీద. కింద గుమ్మం, నిలువుగా చెక్క మెట్లు. పైన కుట్టు మిషన్ చప్పుడు లేదు.

"జమీర్ గారూ," అని పిలిచింది. పలుకు లేదు.

మెట్లెక్కేటప్పుడు, పైన నేల మీద పడి ఉన్న మనిషి కనిపిస్తాడనే సిద్ధపడింది.

కనిపించింది అంతకంటే భయంకరం. జమీర్ పంట్లాం గుడ్డ తాను భుజం మీద వేసుకుని, ముని కాళ్ళ మీద లేచి పై అరలోకి తోస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే ఏమవుతుందో ఆమె ఊహించదలచుకోలేదు.

"జమీర్ గారూ," అంది, నిద్రపోతున్న పిల్లాడి దగ్గర మాట్లాడినట్టు. "అది నాకివ్వండి. మెల్లగా. మీరు కూర్చోండి."

అతను తిరిగి చూశాడు. ఆమె గబుక్కున ముందుకొచ్చి ఆ గుడ్డ తానుని అందుకుంది. అతను స్టూలు మీద కూలబడి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. నుదుటి మీద చెమట.

"ఆటో కుదుపుకి పట్టేసింది మేడం. పోలీసుల్ని తెచ్చినారేటి?"

"లేదు. ఆ రోజు స్కాన్‌కి మీ అన్న వెళ్ళలేదు. ఎవరు వెళ్ళారు?"

"భాయీజానే ఎల్లినాడు. నానే తీసుకెల్లినాను."

"ఆయన వెళ్ళలేదని ఆయనే చెప్పాడు."

"మత్తులో ఏదో అనుంటాడు." చూపు కుట్టు మిషన్ మీదికి పోయింది. "కార్డు ఇచ్చినాం, లోపలికెల్లినాడు, వచ్చినాడు. అంతే. నాకింకేటీ తెల్దు."

బలవంతంగా పడుకోబెట్టి యంత్రం ఆనించొచ్చు. కానీ గింజుకుంటే? లేచి మెట్ల మీదుగా పరిగెత్తితే? ఆమె గుడ్డ ముక్కల మధ్య నేల మీద, అతని మోకాళ్ళ దగ్గర కూర్చుంది. నాగవంశీ, వార్డుబాయ్ మెట్ల దగ్గరే నిలబడ్డారు.

"వినండి. ఆ స్కాన్‌లో పడుకున్న మనిషి పొట్టలో ఏడు సెంటీమీటర్ల ఉబ్బు ఉంది. మీ అన్నకంటే పెద్దది. ఒక పెద్ద దగ్గు చాలు, పోతాడు. వాడికి తెలియదు. పొద్దుటి నుంచి వాణ్ణే వెతుకుతున్నాను. హార్బర్ దాకా వెళ్ళొచ్చాను. మీరు కాకపోతే నేను ఇప్పుడే లేచి ఇంకో చోటికి వెళ్ళి వెతకాలి. ఇక్కడ కూర్చున్న ప్రతి నిమిషం వాడికి పోతుంది. మీరు కాదంటారా? కాదంటే చెప్పండి, వెళ్ళిపోతాను."

జమీర్ ఆమె మొహంలోకి చూశాడు. కింద సందులో ఎవరో మామిడి తాండ్ర అమ్ముకుంటూ వెళ్ళిపోయాడు.

అతని కళ్ళలో మొదట కనిపించింది తన ప్రాణభయం కాదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తన అబద్ధం వల్ల చచ్చిపోతాడన్న భయం. ఆ వెనకే, నెమ్మదిగా, ఆ ఎవడో తానేనని అర్థమైంది. అతని కుడి చెయ్యి నడుం మీంచి జారి పొట్ట మీదికి వచ్చి, అక్కడ ఆగింది.

ఆమె వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది. నాగవంశీ చప్పుడు కాకుండా స్ట్రెచర్ విప్పాడు. ముగ్గురూ కలిసి అతన్ని కదలకుండా, బరువు పెట్టనివ్వకుండా పడుకోబెట్టారు. అప్పుడు కప్పు వైపు చూస్తూ మాట్లాడాడు జమీర్.

"ఇంకెవర్నీ ఎతకొద్దు మేడం. నానే. భాయీజాన్ కార్డు జేబులో ఎట్టుకుని, ఆయన టోపీ ఎట్టుకుని ఎల్లినాను. మొహియుద్దీన్ అని పిలిస్తే నానే పలికినాను. ఈ నాగవంశీ బాబు చెయ్యి పైకెత్తమంటే ఎత్తినాను, ఊపిరి పట్టమంటే పట్టినాను. ఆ బాబు తప్పేటీ లేదు. భాయీజాన్ దద్దుర్లకి బయపడలేదు మేడం, భాభీకి సెప్పడానికి ఆ మాట సెప్పినాడు. ఈ పేటలో ఎవరు పోయినా శవానికి చుట్టే కఫన్ గుడ్డ కత్తిరించేది ఆయనే, నలభై ఏళ్ళ బట్టీ. నిలబడ్డోడికి చొక్కా కొలత, పడుకున్నోడికి కఫన్ కొలత. మీరు పడుకోబెట్టి కొలత తీస్తారన్నారు కదా, ఆ మాట ఇన్నాక మూడ్రోజులు అన్నం తిన్లేదు. నన్ను పడుకోబెట్టి కొలవనివ్వను జమీర్, ఆపరేషనూ ఒద్దు ఏటీ ఒద్దు అన్నాడు. మరి నానేటి సెయ్యాల? మా ఇద్దరికీ ఒకటే ఆది కొలత మేడం. మెడ పదిహేనున్నర, ఛాతీ నలభై, నడుం ముప్పై ఎనిమిది. ఆయన పెళ్ళి షేర్వానీకి కొలతిచ్చింది నానే, ఈదుల్‌ఫితర్‌కి ఇద్దరికీ ఒకే ఆది మీద కుట్టుకుంటాం, ఏనాడూ ఓ కుట్టు ఇప్పలేదు. లోపల కూడా అలాగే ఉంటాదనుకున్నాను. గుడ్డే కదా, ఎవుడి ఒంటి మీద కొలిస్తే ఏటి అనుకున్నాను. పొద్దున్న మీరు ఎనిమిది మిల్లీమీటర్లన్నప్పుడే తెలిసిపోనాది. అప్పుడైనా సెప్పలేదు. భాభీ ఎదురుగా సెప్పే దమ్ము లేక పారిపోయొచ్చి, ఇక్కడ తాన్లు సర్దుకుంటన్నాను. భాయీజాన్ బతకాలనే సేసినాను మేడం. ఆయన్ని సంపీబోయినాను."